సహపంక్తి: సముద్రదోసకాయ మీది పురుగు కథ

సిడ్నీ నగర కేంద్రానికి పడమటగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న గిరావీన్ పేరు ఆస్ట్రేలియాలోని తెలుగువారికి కొత్త కాదు. టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్వర్త్‌విల్ వంటి ఇరుగుపొరుగు పేటలతో పాటు అక్కడ కూడా భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఆదిమవాసుల భాషలో ఆ మాటకు ‘పూలు పూసే చోటు’ అని అర్థం చెబుతారు. ఇదే పేరుగల మరొక గిరావీన్ ఆ ఖండపు ఉత్తరపు కొసన, డార్విన్ నగర శివార్లలో ఉన్నది. ఈ వ్యాసం ఆ రెండవ గిరావీన్ దగ్గర మొదలై, అక్కడి తీరం నుండి సింహళానికి, వాల్తేరుకు, వియత్నాంకు వెళ్ళి, తిరిగి సిడ్నీకి చేరుకుంటుంది.

డార్విన్ సమీపంలోని గిరావీన్‌లో ఎన్నడూ ఎండని ఒక మడుగు ఉన్నది. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఒండ్రులో సుమారు లక్షా యాభై వేల ఏళ్ళ జ్ఞాపకం దాగి ఉన్నది. ఆ ఒండ్రులోని పుప్పొడి రేణువులను, బొగ్గు నలుసులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆదిమవాసులు అక్కడి గడ్డిమైదానాలను ఒక పద్ధతి ప్రకారం తగలబెడుతూ సంరక్షించుకోవడం కనీసం 11,000 ఏళ్ళ కిందటనే మొదలయిందని 2024లో ప్రకటించారు. గ్రంథాలయమంటే కాగితాలే అక్కరలేదని, బురద కూడా చరిత్రను భద్రపరుస్తుందని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అయితే బురద అన్నిటినీ దాచుకోదు. బొగ్గు నిలుస్తుంది, పుప్పొడి నిలుస్తుంది. మెత్తని శరీరం గల ప్రాణి మామూలుగా ఏ గుర్తూ మిగల్చకుండా కరిగిపోతుంది. ఒక ప్రాణికి మరొక ప్రాణితో ఉన్న సంబంధం అంతకంటె తొందరగా కరిగిపోతుంది. ఈ వ్యాసానికి వస్తువు అటువంటి ఒక సంబంధం: ఉష్ణమండల సముద్రాలలో సముద్రదోసకాయల మీద నివసించే ఒక పొలుసుపురుగుకు, ఆ దోసకాయకు మధ్య ఉన్నది. దోసకాయ గురించి మనుషులు శతాబ్దాలుగా లెక్కలు వ్రాసుకున్నారు. దాని మీది పురుగు గురించి వ్రాసినది తక్కువ. ఆ రెండింటి నడుమ నడిచే వ్యవహారం గురించి వ్రాసినది మరీ తక్కువ.

సరుకుగా మారిన జీవి

సముద్రదోసకాయ పేరుకే దోసకాయ. అది సముద్రనక్షత్రానికి, సముద్రపు ముళ్ళ ఉడుతకాయ వంటి జీవులకు జ్ఞాతి. తలా తోకా తెలియని పొడుగాటి తోలుతిత్తిలా ఇసుక మీద మెల్లగా కదులుతూ, ఇసుకనే మింగి, అందులోని సేంద్రియ పదార్థాన్ని జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను వెనుకనుండి విడిచిపెడుతుంది. ఊపిరి పీల్చుకునేది కూడా వెనుక ద్వారంతోనే. శత్రువు తాకితే కొన్ని జాతులు తమ పేగులనే బయటకు కక్కివేసి, తరువాత వాటిని మళ్ళీ పెంచుకుంటాయి. చీనావారు దీనిని హైషెన్ అంటారు, సముద్రపు జిన్‌సెంగ్ అని దాని అర్థం. విందులోను వైద్యంలోను వారు దానికిచ్చిన గౌరవమే హిందూ మహాసముద్రం నుండి పసిఫిక్ దాకా ఒక విస్తారమైన వర్తకాన్ని నిలబెట్టింది.

ఆ వర్తకపు దక్షిణపు కొస ఉత్తర ఆస్ట్రేలియా. సులవేసి దీవిలోని మకస్సార్ రేవు నుండి ప్రతి ఏటా వర్షర్తుపు గాలుల వెంట పడవలు బయలుదేరి, ఆర్నెమ్ లాండ్ తీరానికి చేరి, కొన్ని నెలలు అక్కడ మకాం వేసి, గాలి మళ్ళగానే తిరిగివెళ్ళేవి. ఈ రాకపోకలు ఎప్పుడు మొదలయ్యాయన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. పద్దెనిమిదవ శతాబ్దిలో అవి బాగా స్థిరపడ్డాయన్నది మాత్రం నిశ్చయం. 1803 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా తీరాన్ని చుట్టివస్తున్న ఆంగ్ల నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌కు ఈశాన్య ఆర్నెమ్ లాండ్ దగ్గర ఆరు పడవలు ఎదురుపడ్డాయి. వాటి నాయకుని పేరు పోబస్సూ. తన ఓడలోని మలయా వంటవాని దుభాషిత్వంతో ఫ్లిండర్స్ ఆయనతో మాట్లాడాడు. అరవై పడవలు, వెయ్యి మంది మనుషులు ఆ తీరంలో ఉన్నారని పోబస్సూ చెప్పాడు. వారు వెదికేది ట్రెపాంగ్, అంటే సముద్రదోసకాయ. దానిని పట్టి, చీల్చి, ఉడికించి, రాళ్ళతో అదిమి, ఎండలోను పొగలోను ఆరబెట్టే విధానం కూడా ఫ్లిండర్స్ తన గ్రంథంలో నమోదు చేశాడు.

ఆ మనుషులు వెళ్ళిపోయినా కొన్ని గుర్తులు నిలిచాయి. ఇనుప కాగులను ఆనించిన రాతి పొయ్యిల వరసలు తీరం పొడుగునా నేటికీ కనిపిస్తాయి. వాటి పక్కన చింతచెట్లు కనిపిస్తాయి. వంటకోసం వెంట తెచ్చుకున్న చింతపండు గింజల నుండి అవి మొలిచాయి. చింతచెట్టు కనబడితే అక్కడ ట్రెపాంగ్ మకాం ఉండేదని పురావస్తు పరిశోధకులు ఊహించగలరు. ఆ తీరపు యోల్ఙు ప్రజల భాషలో డబ్బుకు ‘రుపియా’ అనే మాట ఉన్నది. అది మకస్సార్ వర్తకుల ద్వారా అక్కడికి చేరిన మన రూపాయే. చింతపులుపు, రూపాయి, ఈ రెండూ తెలుగువారి కంటె ముందే ఆస్ట్రేలియా చేరడం వెనుక ఈ దోసకాయ ఉన్నది.

అప్పట్లో ఉత్తర ప్రాంతాన్ని పాలించిన దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం మొదట సుంకాలు విధించి, పిదప అనుమతులు నిరాకరించింది. 1906–07 ఋతువుతో మకస్సార్ పడవల రాక ముగిసిపోయింది.

ఇదే కాలంలో ఈ వర్తకానికి మరొక కేంద్రం మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతం. అది మద్రాసు రాజధానిలోని భాగం, అంటే కోస్తా ఆంధ్ర కూడా ఉన్న పాలనావిభాగం. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1917లో ఈ పరిశ్రమ చరిత్రను, దాని పునరుద్ధరణను వివరిస్తూ ఒక నివేదిక ప్రచురించాడు. సముద్రదోసకాయ గురించి భారతదేశంలో వెలువడిన తొలి ప్రామాణిక రచనలలో అది ఒకటి. దాని దృష్టి కూడా సరుకు మీదనే.

సరుకుల చరిత్ర మనకు చాలా చెబుతుంది. ఎన్ని పడవలు, ఎంత సుంకం, ఏ రేవులో ఏ ధర, అన్నీ దొరుకుతాయి. కాని దోసకాయ కాగులో పడిన క్షణాన దాని మీద బ్రతికే ప్రాణులన్నీ మరుగునీటిలో కరిగిపోయాయి. వాటిని లెక్కించవలసిన అవసరం ఏ వర్తకునికీ కలగలేదు. అతిథి మాయమైన మొదటి చోటు ఈ కాగు.

పురుగుకు పేరు పెట్టినవారు

ఆ పురుగును మొదట శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు లుడ్విగ్ కార్ల్ ష్మార్డా. ఆస్ట్రియా సామ్రాజ్యపు ప్రజ, జంతుశాస్త్రజ్ఞుడు. 1853 నుండి 1857 వరకు ప్రపంచమంతా చుట్టివచ్చిన ఆయన, ఆ యాత్రలో సింహళద్వీపపు తీరంలో సేకరించిన ఒక పొలుసుపురుగును 1861లో తన గ్రంథంలో వర్ణించి, గ్యాస్ట్రోలెపిడియా క్లావిజెరా అని నామకరణం చేశాడు.

పొలుసుపురుగులు వానపాములకు, జలగలకు దూరపు చుట్టాలు. శరీరం ఖండాలు ఖండాలుగా ఉంటుంది. ఇరువైపులా వరసగా కాళ్ళవంటి చిన్న తొడిమలు, వాటినుండి పొడుచుకువచ్చే శూకాలు ఉంటాయి. వీపు మీద ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఒరిగిన పలుచని పొలుసుల జతలు కనిపిస్తాయి. ఆపదలో కొన్ని పొలుసులను రాల్చి తప్పించుకోవడం ఈ కుటుంబంలో సాధారణం. ష్మార్డా చూసిన పురుగుకు మరొక విశేషం ఉన్నది. దాని పొట్టవైపు కూడా మెత్తని రేకులవంటి నిర్మాణాలు ఉన్నాయి. గ్యాస్ట్రోలెపిడియా అంటే ‘పొట్టమీది పొలుసులది’ అన్న అర్థం వస్తుంది. జారుడుగా, ముడుచుకుంటూ సాగుతూ ఉండే దోసకాయ చర్మాన్ని గట్టిగా అంటిపెట్టుకోవడానికి అవి ఉపయోగిస్తాయి.

రంగు విషయంలో ఈ పురుగుది గొప్ప నేర్పు. నల్ల దోసకాయ మీద నల్లగా, గోధుమవన్నె దోసకాయ మీద గోధుమవన్నెలో, మచ్చల దోసకాయ మీద మచ్చలతో ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల ప్రాణి తన ఇంటి రంగులో కలిసిపోయి ఉంటే దానిని పట్టుకోవడానికి అనుభవం గల కన్ను కావాలి. ఎర్రసముద్రం నుండి పసిఫిక్ వరకు విస్తరించినా చాలాకాలం అది అరుదైన జీవిగా కనిపించడానికి ఇదొక కారణం.

ష్మార్డా తరువాత రెండు దశాబ్దాలకు పొలుసుపురుగుల అధ్యయనం సిడ్నీ చేరింది. ఎడింబరోలో పుట్టి 1878లో ఆస్ట్రేలియా వచ్చిన విలియం హాస్వెల్, ఆ దేశపు పొలుసుపురుగులపై 1883లో ఒక సమగ్ర రచన ప్రచురించాడు. సిడ్నీ వాట్సన్స్ బేలో రష్యన్ శాస్త్రజ్ఞుడు మిక్లుఖో-మాక్లాయ్ నెలకొల్పిన సముద్ర పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆయన, తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఆ యుగంలో సేకరణ జరిగిన పద్ధతిని కొంచెం గమనించాలి. చాలెంజర్ అనే ఆంగ్లనౌక 1872 నుండి 1876 వరకు మహాసముద్రాలను శోధించింది. 1874లో సిడ్నీలో కూడా ఆగింది. అది తెచ్చిన నమూనాలను ఏ వర్గానికి ఆ వర్గపు నిపుణునికి పంచిపెట్టారు. పురుగులు స్కాట్లండులో మాకింటోష్‌కు, సముద్రదోసకాయలు స్వీడనులో టేయెల్‌కు వెళ్ళాయి. ఇద్దరూ ఉద్దండులే, ఇద్దరి సంపుటాలు నేటికీ ప్రమాణాలే. కాని ఒకే నీటిలో ఒకదానినొకటి ఆనుకొని బ్రతికిన జీవులు రెండు సీసాలలో, రెండు దేశాలలో, రెండు సంపుటాలలో స్థిరపడ్డాయి. వర్గీకరణకు అది అవసరమైన పద్ధతి. ఆ అవసరంలోనే అతిథి ఎవరి ఇంట ఉన్నదో తెలిపే సంగతి జారిపోయే అవకాశం ఏర్పడింది. సంబంధం మాయమైన రెండవ చోటు ఈ సీసా.

పంక్తి నుండి వచ్చిన మాటలు

ఒక ప్రాణి మీద మరొకటి ఉంటే దానిని ఏమని పిలవాలి? ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్ది చెప్పిన జవాబులు భోజనశాల నుండి వచ్చాయి.

ఇంగ్లీషులోని పారసైట్ అనే మాటకు మూలం గ్రీకు పారసిటోస్. ‘పారా’ అంటే పక్కన, ‘సిటోస్’ అంటే అన్నం. పక్కన కూర్చుండి తినేవాడని అర్థం. మొదట అది నిందావాచకం కాదు. దేవాలయాలలో అర్చకుల సరసన భోజనం చేసే గౌరవం పొందినవారిని ఏథెన్సులో అలా పిలిచేవారు. తరువాత హాస్యనాటకాలలో అది ధనికుల ఇళ్ళలో ముఖస్తుతి చేసి పొట్టపోసుకునే పాత్రకు పేరయింది. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి పరాన్నజీవి అంటాము. రెండు మాటల్లోనూ ‘పరా’ వినిపిస్తుంది గాని అర్థాలు వేరు. గ్రీకువాడు పక్కన కూర్చున్నాడు, మనవాడు పరుల అన్నం తిన్నాడు. గ్రీకుమాటలో ఉన్న పంక్తి తెలుగుమాటలో లేదు. తెలుగుమాటలో ఉన్న తీర్పు గ్రీకుమాటలో పుట్టుకతో లేదు.

బెల్జియం దేశపు లువెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పియేర్-జోసెఫ్ వాన్ బెనెడెన్ 1875లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్ని విడదీసి చూశాడు. ఒకే బల్ల దగ్గర తింటూ ఆతిథేయికి నష్టం కలిగించనివారు సహభోజులు, ఆతిథేయినే తినేవారు పరాన్నజీవులు, ఒకరికొకరు మేలు చేసుకునేవారు పరస్పరోపకారులు అన్నాడు. మూడేళ్ళ తరువాత 1878లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ, మంచిచెడ్డలతో నిమిత్తం లేకుండా భిన్నజాతులు కలిసి బ్రతకడాన్నంతటినీ సూచించే మాటగా సింబయాసిస్‌ను ప్రతిపాదించాడు. మనం సహజీవనం అంటున్నది దానినే.

తెలుగు పాఠ్యపుస్తకాలు మరొక విచిత్రమైన పని చేశాయి. పరాన్నజీవిని మోసే ప్రాణికి ‘ఆతిథేయి’ అని పేరు పెట్టాయి. అంటే మర్యాదగా అతిథిని ఆదరించేది. పిలవని పేరంటానికి వచ్చి ఇంటివాళ్ళనే కొరికే ప్రాణికి ఆతిథ్యమిచ్చే గృహస్థు అన్నమాట. సహభోజి అన్న మాట వినగానే తెలుగు పాఠకునికి సంఘసంస్కరణ కాలపు సహపంక్తి భోజనాలు జ్ఞాపకం రావడం సహజం. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నదే పెద్ద పోరాటం.

సమాజం నుండి శాస్త్రం అప్పుతెచ్చుకున్న ఈ మాటలు మళ్ళీ సమాజంలోకి నిందలై తిరిగివచ్చాయి. పొరుగుదేశం నుండి పనికోసం వచ్చినవారిని పరాన్నజీవులనడం ఇరవయ్యవ శతాబ్దపు రాజకీయ భాషలో మామూలయిపోయింది. వలసవెళ్ళి బ్రతుకుతున్న మనలాంటివారికి ఆ మాట బరువు తెలుసు. దానికి బదులుగా ఈ పురుగును మన ప్రతీకగా చేసుకొని ముచ్చటపడటం కూడా సరికాదు. పురుగు పురుగే. పంక్తిలోని మాటలు దాని మీద రుద్దినకొద్దీ అది చేస్తున్న పని మన కంటికి ఆనదు. గ్యాస్ట్రోలెపిడియా విషయంలో జరిగింది అదే. దానిని సహభోజి అన్నారు. ఆ పేరు పెట్టగానే అది ఏమి తింటుందన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే తోచింది.

వాసన, పోరాటం, ఆకలి

సంబంధాన్ని చూడాలంటే రెండు జీవులూ బ్రతికి ఉండాలి. ఆ పని ప్రయోగశాలలో గట్టిగా మొదలుపెట్టినవారిలో అమెరికన్ శాస్త్రజ్ఞుడు డెమరెస్ట్ డావెన్‌పోర్ట్ ముఖ్యుడు. పసిఫిక్ తీరంలో ఆర్క్టోనోయే అనే ప్రజాతికి చెందిన పొలుసుపురుగులు ఉన్నాయి. అవి సముద్రనక్షత్రాల మీద, నత్తజాతుల మీద, సముద్రదోసకాయల మీద బ్రతుకుతాయి. పంగలకర్ర ఆకారపు గొట్టంలో ఒక పాయలోకి మామూలు సముద్రపు నీటిని, మరొక పాయలోకి ఆతిథేయి ఉన్న తొట్టినీటిని వదిలి, పురుగు ఎటు తిరుగుతుందో ఆయన గమనించాడు. పురుగు తన ఆతిథేయి నీటివైపు నడిచింది. 1950లో వెలువడిన ఆ పరిశోధన, ఈ పురుగులు ఇంటిని వాసనతో గుర్తుపడతాయని స్థాపించింది.

ఆయన శిష్యపరంపరలోని డిమాక్ ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళాడు. ఏ ఆతిథేయి మీద కొంతకాలం నివసిస్తే ఆ ఆతిథేయి వాసనవైపే పురుగు మొగ్గుతుందని, అంటే ఇల్లు గుర్తుపట్టడంలో పుట్టుకతో పాటు అలవాటుకూ పాత్ర ఉన్నదని 1971లో ఆయన, డావెన్‌పోర్ట్ కలిసి చూపారు. 1974లో డిమాక్ మరొక సంగతి బయటపెట్టాడు. ఒక ఆతిథేయి మీద సాధారణంగా ఒకే పురుగు కనిపించడానికి కారణం సౌమ్యత కాదు, కొట్లాట. రెండవ పురుగు వస్తే మొదటిది దానిని కొరికి తరిమివేస్తుంది.

ఆతిథేయి దొరకకముందు ఈ పురుగుల జీవితం ఏమిటి? పొలుసుపురుగుల పిల్లలు కంటికి ఆనని డింభకాలుగా సముద్రపు నీటిలో తేలుతూ కొంతకాలం గడుపుతాయి. ఇక్కడ మన తీరపు పేరు ఒకటి చెప్పుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి. ఎన్. గణపతి, వై. రాధాకృష్ణ కలిసి వాల్తేరు తీరపు ప్లవకాలలో దొరికే సముద్రపు పురుగుల డింభకాలను పరిశీలించి 1958లో ఒక దీర్ఘమైన వ్యాసం ప్రచురించారు. వల వేసి ఎత్తిన బిందెడు నీటిలో, ఇంకా ఇల్లు దొరకని ఎన్నో జాతుల పురుగులను విడదీసి గుర్తించే ఓపికైన పని అది. విశాఖ తీరంలో ప్రవాళదిబ్బలు లేవు, దిబ్బల మీది పెద్ద దోసకాయల సంపద లేదు. అయినా ఏ తీరంలోనైనా సముద్రపు పురుగు జీవితచక్రాన్ని తెలుసుకోవాలంటే ఇటువంటి పనే పునాది.

ఇక గ్యాస్ట్రోలెపిడియా సంగతి. రష్యన్ శాస్త్రజ్ఞుడు తెమీర్ బ్రిటాయెవ్, ఆయన సహచరులు దక్షిణ వియత్నాం తీరంలో సముద్రదోసకాయలను ఒక్కొక్కటిగా ఎత్తి, వాటి మీది పురుగులను లెక్కించి, కొలిచి, లింగం గుర్తించి 1996లో ఫలితాలు ప్రకటించారు. ఒక దోసకాయ మీద పురుగు ఒంటరిగానో, ఆడామగా జంటగానో ఉండటమే మామూలని వారు చూశారు. శరీరాల మీద గాయాల గుర్తులు ఉన్నాయి. తెగిపోయి మళ్ళీ పెరుగుతున్న భాగాలు ఉన్నాయి. ఇంటికోసం సొంత జాతితో చేసిన పోరాటాల ముద్రలుగా వారు వాటిని వివరించారు. దోసకాయ చర్మం ఈ పురుగుకు స్వంత పొలం. దానికి గట్లు ఉన్నాయి, సరిహద్దు తగాదాలు ఉన్నాయి.

2002లో బ్రిటాయెవ్, లిస్కిన్ ఆ పురుగుల పేగులను తెరిచి చూశారు. అందులో దోసకాయ కణజాలం కనిపించింది. సహభోజి అనుకున్నది పక్కన కూర్చుని తినడం లేదు, ఆతిథేయినే కొంచెం కొంచెం తింటున్నది. వాన్ బెనెడెన్ నిర్వచనం ప్రకారం అది పరాన్నజీవుల వరసలోకి రావాలి.

కేసు అక్కడితో ముగిసిందని అనుకోనక్కరలేదు. సముద్రదోసకాయ పేగులనే పారవేసి మళ్ళీ పెంచుకోగల ప్రాణి. దానంత పెద్ద శరీరానికి ఒక చిన్న పురుగు కొరుకుడు ఎంత నష్టం? ఆ నష్టం ఆతిథేయి ఆయుష్షును, సంతానాన్ని తగ్గిస్తేనే పరాన్నజీవి అన్న మాట బరువు మోయగలదు. పేగులో ఏమున్నదో చెప్పే కత్తి, ఆతిథేయికి ఎంత పోయిందో చెప్పలేదు.

రసాయనాల వైపు నుండి మరొక వెలుగు పడింది. సముద్రదోసకాయలు తమను తినవచ్చే జీవులను దూరంగా ఉంచడానికి సాపోనిన్లనే విషపదార్థాలను విడుదల చేస్తాయి. మనకు తెలిసిన కుంకుడుకాయ నురుగుకు కారణమైన పదార్థాలు ఆ కుటుంబానివే. దోసకాయల మీద నివసించే లిస్సోకార్సినస్ అనే చిన్న పీత ఆ విషం వాసన పట్టుకునే తన ఇంటికి చేరుతుందని బెల్జియం శాస్త్రజ్ఞుడు కోలియే, ఆయన సహచరులు 2013లో నిరూపించారు. శత్రువుకు హెచ్చరిక అయినదే అతిథికి చిరునామా అయింది. తలుపు మూయడానికి వాడిన గడియనే పట్టుకుని లోపలికి వచ్చేవారిని ఏ పేరుతో పిలవాలో పంక్తిలోని మాటలు చెప్పలేవు.

చట్టంలో లేని పేరు

ఇంతకూ ఈ చర్చ నామకరణ వివాదం మాత్రమే అయితే నిపుణులకు వదిలివేయవచ్చు. దానికి మించిన సంగతి ఒకటి ఉన్నది. ఆతిథేయి తరిగిపోతున్నది.

భారతదేశంలో 1982లో మూడంగుళాలకంటె చిన్న సముద్రదోసకాయల ఎగుమతిని నిషేధించారు. 1988లో తూత్తుకుడిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో డి. బి. జేమ్స్ బృందం ఇసుకదోసకాయ జాతిని కృత్రిమంగా గుడ్లుపెట్టించి పిల్లలను పెంచడంలో విజయం సాధించింది. అయినా సముద్రంలో తరుగుదల ఆగలేదు. 2001లో అన్ని సముద్రదోసకాయలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు, అంటే పులికి ఇచ్చిన రక్షణ వాటికీ ఇచ్చారు. మన్నారు తీరపు జాలరులు తరతరాల జీవనోపాధి పోయిందని అప్పటినుండి వాదిస్తూనే ఉన్నారు. 2020లో లక్షద్వీపాల్లోని చెరియపాణి వద్ద సముద్రదోసకాయల కోసమే ఒక సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించారు.

ఆస్ట్రేలియాలోను ఇటువంటి కథే నడిచింది. మహా ప్రవాళభిత్తిక మీద విలువైన నల్లదోసకాయ జాతి తగ్గిపోవడంతో 1999లో దాని వేటను ఆపవలసి వచ్చింది. వాణిజ్యపు విలువగల సముద్రదోసకాయలను ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా వేసినప్పుడు 16 జాతులు ముప్పులో ఉన్నవిగా తేలాయి. అంతర్జాతీయ వన్యజీవి వర్తక ఒప్పందం 2019లో మూడు జాతులను, 2022లో థెలెనోటా ప్రజాతిని నియంత్రణ పట్టికలో చేర్చింది. గ్యాస్ట్రోలెపిడియాకు ఇల్లయిన పెద్ద దోసకాయలలో థెలెనోటా ఒకటి.

ఈ పట్టికలన్నిటిలోనూ ఉన్నవి ఆతిథేయుల పేర్లే. దోసకాయ అంతరిస్తే దానితో పాటు ఏమేమి పోతాయో లెక్క వేసినవారు కొద్దిమంది. 2016లో స్టీవెన్ పర్సెల్, శాంటాల్ కోనాండ్, స్వెన్ యూథికె, సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన మరియా బర్న్ కలిసి వ్రాసిన సమీక్షలో ఆ లెక్క ఒకటి కనిపిస్తుంది. సముద్రదోసకాయల మీద, వాటి లోపల నివసించే జాతులు 200కు పైగా ఉన్నాయని, అవి జంతుప్రపంచంలోని ఏడు పెద్ద వర్గాలకు చెందినవని వారు తేల్చారు. పురుగులు, పీతలు, రొయ్యలు, నత్తలు, దోసకాయ వెనుక ద్వారంలో దాక్కునే సన్నని చేప, అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో చాలావాటికి వేరే ఇల్లు లేదు. మనం పట్టిక వ్రాసుకునేసరికి ఏవి మిగులుతాయో ఆతిథేయుల సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది.

ఇది చరిత్రకారునికి పరిచయమైన సమస్యే. కాగు దోసకాయను సరుకుగా నిలిపింది, పురుగును కరిగించింది. సీసా పురుగును, దోసకాయను రెండింటినీ నిలిపింది, మధ్యనున్న సంబంధాన్ని వదిలేసింది. చట్టం దోసకాయ పేరును నిలిపింది, దాని మీద ఆధారపడినవారిని పేర్కొనలేదు. ఒక్కొక్క చోట ఒక్కొక్కటి భద్రమయింది. పోయినది మాత్రం ప్రతిసారీ ఒకటే.

సంరక్షణ వల్ల ఆతిథేయికి మేలు జరిగితే అతిథికి కూడా జరుగుతుందన్నది నిజమే. అయితే దోసకాయలను పెంపక కేంద్రాలలో పెంచి సముద్రంలో వదలడమే పరిష్కారమని తలచినప్పుడు ఈ సందేహం మళ్ళీ తలెత్తుతుంది. శుభ్రమైన తొట్టిలో పెరిగిన పిల్లకు అతిథులు ఉండరు. సముద్రంలో మిగిలిన పాత దోసకాయల నుండి, నీటిలో తేలే డింభకాల నుండి అవి మళ్ళీ రావాలి. పాతవి మిగలకపోతే సంఖ్య పెరిగిన దోసకాయలు ఒంటరి దోసకాయలుగానే ఉంటాయి. పరాన్నజీవి పోతే మంచిదే కదా అనిపించవచ్చు. తీర్పు ఇంకా చెప్పలేదన్న సంగతిని, మాట మాత్రమే ముందుగా పలికేశామన్న సంగతిని అప్పుడు గుర్తుచేసుకోవాలి.

తిరిగి సిడ్నీకి

ఇప్పుడు మొదటి గిరావీన్‌కు తిరిగి వద్దాం. అక్కడినుండి రైలెక్కితే గంటలోపల నగరంలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చేరవచ్చు. సముద్రపు పురుగుల అధ్యయనంలో ప్రపంచంలోని ముఖ్యమైన కేంద్రాలలో అది ఒకటి. అక్కడ దశాబ్దాలుగా పనిచేసిన పాట్ హచింగ్స్ పేరు ఈ రంగంలో అందరికీ తెలిసినదే. సెలవులకు ఉత్తరాన ప్రవాళభిత్తికకు వెళ్ళి నీటిలో మునిగే తెలుగు కుటుంబాలు కూడా ఈనాడు తక్కువేమీ లేవు. వారిలో చాలామంది చేతుల్లో నీటిలో పనిచేసే కెమెరాలు ఉన్నాయి.

అలాంటివారికి ఈ చరిత్ర నుండి ఒక చిన్న పని దొరుకుతుంది. సముద్రదోసకాయ కనబడితే దానిని ఎత్తవద్దు, తాకవద్దు. ఫోటో తీసేటప్పుడు దోసకాయ మొత్తాన్ని ఒకసారి, దాని చర్మాన్ని దగ్గరగా మరొకసారి తీయాలి. చర్మపు రంగులో కలిసిపోయిన పొలుసుల వరస అందులో ఉన్నదేమో తరువాత పెద్దదిగా చేసి వెదకాలి. ఎవరికైనా పంపేటప్పుడు తేదీ, చోటు, లోతు, దోసకాయ జాతి, దాని మీద పురుగు ఎక్కడ ఉన్నది, ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ ఒకే చీటీలో వ్రాయాలి. చాలెంజర్ నౌక నమూనాలు రెండు దేశాలకు విడిపోయిన నాటినుండి ఈ అధ్యయనానికి కావలసినది ఆ ఒక్క చీటీ.